ఏడు సీసాలున్నాయి, ఏది ముందు రాయాలి?

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకి 26 ఏళ్లు. పదమూడేళ్లప్పటి నుంచీ జిడ్డు చర్మం, వచ్చిపోయే మొటిమలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మీటింగ్‌కి ముందు సహోద్యోగి ఒకామె అందరి ఎదుటా "కాస్త ముఖం కడుక్కుని రావచ్చుగా" అందట. అప్పటికి ఈమె ముఖం కడుక్కుని గంట కూడా కాలేదు. ఆ రోజు నుంచి రోజుకి ఐదారుసార్లు సబ్బుతో కడుగుతున్నారు. వీడియోలు చూసి ఒక్కొక్కటిగా కొన్నవి ఇప్పుడు అద్దం ముందు ఏడున్నాయి: స్క్రబ్, ఆల్కహాల్ కలిసిన టోనర్, గ్లైకోలిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్ సీరం, 10 శాతం నియాసినమైడ్, క్లే మాస్క్, బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్. రాత్రిపూట వీటిలో మూడో నాలుగో రాస్తారు. పది రోజుల్లో తేడా కనిపించకపోతే ఒకటి తీసి ఇంకోటి పెడతారు. మూడు వారాలుగా మామూలు నీళ్లు తగిలినా ముక్కు పక్కన, పెదవుల చుట్టూ చురుక్కుమంటోంది. గడ్డం మీద పొరలు లేస్తున్నాయి. అయినా రెండు గంటల్లో నుదురు మెరిసిపోతోంది. మాయిశ్చరైజర్ ఎప్పుడూ వాడలేదు. ఒకే గదిలో ఉండే వాళ్ల అక్కది పొడి చర్మం. "నూనె కారే ముఖానికి మళ్లీ క్రీమా?" అని ఆవిడ ఎప్పుడూ అంటుందట. రోజూ సాయంత్రం అద్దం ముందు గంట గడిచిపోతోందనీ, ఆఖరికి ఏడుపొక్కటే తక్కువనీ రాశారు. ఈ ఏడింటినీ ఏ వరుసలో రాయాలి, జిడ్డు తగ్గాలంటే ఇంకేం కొనాలి, ఎన్నాళ్లకి తగ్గుతుంది అని అడిగారు. చివర్లో దిండు గలీబు గురించి ఒక చిన్న సందేహం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ ఏడింటి పేర్లూ కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా అది చేసే పని రాశాను. రుద్దేది, ఆరబెట్టేది, పైపొర ఒలిచేది, రంధ్రాల్లోకి దిగి కరిగించేది, జిడ్డు పీల్చేది, మొటిమల్లో బ్యాక్టీరియాని చంపేది. నియాసినమైడ్ ఒక్కటి పక్కన పెడితే, చర్మానికి తిరిగి ఏదైనా ఇచ్చేది ఆ కాగితంలో ఒక్కటీ లేదు. వీటిని ఏ వరుసలో రాసినా మీ మంట తగ్గదు. కాబట్టి వరుస సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఆ సహోద్యోగి మాట దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే చిక్కు అక్కడే పడింది. ఆమె జిడ్డుని మురికి అనుకుంది, మీరూ నమ్మేశారు. మురికి బయటి నుంచి వచ్చి పడుతుంది, కడిగితే పోతుంది. జిడ్డు లోపలి నుంచి వస్తుంది. వెంట్రుకల కుదుళ్లని అంటుకుని చర్మంలో చిన్న చిన్న నూనె గ్రంథులుంటాయి. నుదురు, ముక్కు, గడ్డం మీద ఇవి మరీ ఎక్కువ. ఎంత నూనె తయారు చేయాలో వాటికి చెప్పేవి ముఖ్యంగా హార్మోన్లు. పైన మీరు ఎన్నిసార్లు నీళ్లు కొట్టారో ఆ గ్రంథులకి తెలియదు. అందుకే ఎంత బాగా కడిగినా కొన్ని గంటల్లో మళ్లీ మెరుస్తుంది. అందులో మీ అశుభ్రతేం లేదు. అసలు ఆ మాటకి మీరు ఇన్నేళ్లు ముఖం అప్పగించాల్సిన పనే లేదు.

మరి ఇంత జిడ్డున్న ముఖం పొరలెందుకు లేస్తోంది? చర్మం పైపొరలో కణాలకీ కణాలకీ మధ్య ఒక రకం కొవ్వు ఉంటుంది. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి ఘాటైనవి లోపలికి దిగకుండా ఆపేది అదే. సబ్బు, ఆల్కహాల్ టోనర్ జిడ్డుతో పాటు ఈ కొవ్వుని కూడా లాగేస్తాయి. జిడ్డునైతే గ్రంథులు గంటల్లో మళ్లీ నింపేస్తాయి. కణాల మధ్య కొవ్వు అంత తొందరగా రాదు. అది వచ్చేలోపే మీరు మళ్లీ కడుగుతున్నారు. అందుకే పైన జిడ్డు, లోపల బిగుతు, నీళ్లు తగిలినా మంట. దానికి తోడు ఆరోగ్యంగా ఉన్న చర్మం పైన కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 ఉంటుంది, అంటే దానిది క్షార గుణం. రోజుకి ఐదారుసార్లు ఆ దెబ్బ తగులుతుంటే చర్మం కోలుకునేదెప్పుడు?

మీ అక్క మాట సగం నిజం. తను వాడే చిక్కటి క్రీమ్ మీకు పనికిరాదు, దాన్ని మాత్రం ముట్టుకోకండి. కానీ నూనె వేరు, తేమ వేరు. నూనె ఉన్నంత మాత్రాన తేమ ఉన్నట్టు కాదని మీ గడ్డమే చెబుతోంది. మీకు కావలసింది పల్చటి జెల్ లాంటి మాయిశ్చరైజర్. గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్ లాంటివి నీటిని పట్టి ఉంచుతాయి, సెరమైడ్లు ఆ పోయిన కొవ్వు లోటు తీరుస్తాయి. సువాసన లేనిది చూసుకోండి. 'నాన్ కొమెడోజెనిక్' అని రాసి ఉంటే రంధ్రాలు మూసుకుపోకుండా తయారు చేశామని వాళ్లు చెబుతున్నట్టు. అది కంపెనీ చెప్పే మాటే తప్ప గ్యారంటీ కాదు, మీ ముఖానికి పడిందో లేదో మీరే చూసుకోవాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. మొదటి దారి, మీ స్థానంలో నేనుంటే పట్టేది, ఆ ఏడింటినీ ఒక డబ్బాలో పెట్టి మూత వేయడం. పారేయక్కర్లేదు, రెండు మూడు మళ్లీ పనికొస్తాయి. మంట పూర్తిగా పోయేవరకు, అంటే రెండు నుంచి నాలుగు వారాలు, సాయంత్రం రెండే పనులు: కడగడం, మాయిశ్చరైజర్ రాయడం.

కడగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది అక్కడే. సబ్బు ఆపేసి, నురుగు తక్కువ వచ్చే సౌమ్యమైన ఫేస్‌వాష్ తీసుకోండి. వేడినీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు. ముందు చేతులు కడుక్కోండి. ఫేస్‌వాష్‌ని ముఖం మీద నేరుగా పిండకుండా తడి అరచేతుల్లో కలిపి, వేలి కొసలతో నుదుటి మీద మొదలుపెట్టి, ముక్కు రెండు పక్కలా, గడ్డం గుంటలో, దవడ అంచున, జుట్టు మొదలయ్యే చోట మెల్లగా తిప్పండి. అర నిమిషం నుంచి నిమిషం చాలు. స్పాంజ్, బ్రష్, గరుకు గుడ్డ ఏదీ వద్దు. కడిగేటప్పుడు దవడ కింద, చెవుల ముందు నురుగు మిగిలిపోతుంటుంది, అక్కడ ఇంకో రెండు దోసిళ్లు పోయండి. తువ్వాలుతో తుడవకుండా అద్దుకోండి. చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాసేయండి.

ఫేస్‌వాష్ మీకు పడిందో లేదో తెలుసుకోడానికి ఒక పరీక్ష ఉంది. ఒక రోజు కడుక్కున్నాక ఏమీ రాయకుండా పది నిమిషాలు ఆగి, అద్దంలో చూస్తూ నోరారా నవ్వండి. బుగ్గలు లాగినట్టు, చర్మం చాలనట్టు అనిపిస్తే ఆ ఫేస్‌వాష్ మీకు ఘాటైపోయింది. చాలామంది ఆ బిగుతునే 'బాగా శుభ్రమైంది' అనుకుంటారు. నేనూ ఇరవైల్లో అలాగే అనుకున్నాను. ముక్కు పక్కన చర్మం ఎర్రగా లేచిపోయేదాకా స్క్రబ్ ఆపలేదు. మీ ఉత్తరంలో 'ముక్కు పక్కన చురుక్కుమంటోంది' అన్న మాట చదివినప్పుడు నాకు ఆ రోజులే గుర్తొచ్చాయి.

మేకప్, నీటికి చెదరని సన్‌స్క్రీన్ వాడే రోజుల్లో దానికి ముందు ఇంకో మెట్టు ఉంటుంది. మేకప్ తుడిచే మైసెలార్ వాటర్‌తో గానీ, నీళ్లు తగిలితే పాలలా మారి కడుక్కుపోయే క్లెన్సింగ్ ఆయిల్‌తో గానీ ముందు దాన్ని వదిలించి, ఆ తర్వాత ఫేస్‌వాష్. జిడ్డు ముఖానికి నూనె ఏంటని కంగారు పడకండి, నూనెలో కరిగేదాన్ని నూనే తొందరగా వదిలిస్తుంది, తర్వాత అంతా కడిగేస్తారు. ఏమీ వేసుకోని రోజు ఈ మెట్టు అక్కర్లేదు.

రోజంతటికీ రెండుసార్లు కడగండి, బాగా చెమట పట్టిన రోజు మూడోసారి. సాయంత్రం పని నిద్రొచ్చే వేళకి వాయిదా వేయకండి. ఇంటికి రాగానే బట్టలు మార్చుకున్నట్టే ముఖం కూడా కడిగేసుకుని మాయిశ్చరైజర్ రాసేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. ఫోన్ లైటు పెట్టి రంధ్రాలు లెక్కపెట్టే పని కూడా తగ్గుతుంది. ఆ గంట మీకు తిరిగి రావాలని నాకు గట్టిగా ఉంది.

ఈ దారిలో మంట, పొరలు తగ్గుతాయి, బిగుతు పోతుంది. కానీ జిడ్డు దాదాపు ఇంతే ఉంటుంది, బెంజాయిల్ పెరాక్సైడ్ ఆపారు కాబట్టి మధ్యలో ఒకటో రెండో మొటిమలు రావచ్చు కూడా. అప్పుడు కంగారు పడి డబ్బా తెరిస్తే కథ మొదటికొస్తుంది. అంతగా భరించలేకపోతే మంట నెమ్మదించగానే రెండో దారికి వెళ్లండి గానీ ఏడింటి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

రెండో దారి, చర్మం నెమ్మదించాక మీ దగ్గరున్న సాలిసిలిక్ యాసిడ్‌తో మొదలుపెట్టడం. ఇది నూనెలో కరుగుతుంది, అందుకే జిడ్డుతో నిండిన రంధ్రంలోకి దిగగలదు. గ్లైకోలిక్ యాసిడ్ నీటిలో కరిగే రకం, దాని పని ఎక్కువగా పైపైనే. మీకు రెండూ కలిపి అవసరం లేదు. నల్ల చుక్కలు, చేతికి తగిలే చిన్న చిన్న గరుకు బొడిపెలు ఎక్కువుంటే సాలిసిలిక్ బాగా పనికొస్తుంది. 2 శాతానికి మించకుండా, వారానికి రెండు రాత్రులు, కడిగి ఆరిన ముఖానికి పల్చగా రాసి, పైన మాయిశ్చరైజర్. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేకపోతే మూడు రాత్రులు చేయండి. ఆస్పిరిన్ పడని వాళ్లు డాక్టర్ని అడగకుండా దీన్ని వాడకూడదు. ఈ దారి మెత్తనిది, నెమ్మదైనది. లోతుగా, నొప్పిగా వచ్చే మొటిమలకి చాలకపోవచ్చు.

ఎర్రగా, చీముతో వచ్చేవే మీ బాధ అయితే సాలిసిలిక్ బదులు డబ్బాలోంచి బెంజాయిల్ పెరాక్సైడ్ తీయండి. కానీ మీ జెల్ మీద శాతం ఎంతో చూడండి. 10 శాతం రాసినంత మాత్రాన 2.5 శాతం కంటే పెద్దగా ఎక్కువ మేలు జరగదు, మంట మాత్రం ఎక్కువవుతుంది. 2.5 శాతంది చాలు. నియాసినమైడ్ కూడా అంతే, 2 నుంచి 5 శాతం సరిపోతుంది. 10 శాతం కొందరికి చురుక్కుమంటుంది, మీది ఇప్పుడసలే పుండు మీదున్న చర్మం. క్లే మాస్క్ తర్వాత వారానికోసారి నుదురు, ముక్కు వరకు వేసుకోవచ్చు, పూర్తిగా ఎండి పగుళ్లు రాకముందే కడిగేయాలి. స్క్రబ్, ఆల్కహాల్ టోనర్ మాత్రం మీకు ఎప్పటికీ వద్దని నా అభిప్రాయం.

మూడో దారి అడాపలీన్. ఇది మొటిమలకి రాసే మందు, రెటినాయిడ్లు అనే విటమిన్ ఎ తరహా మందుల కుటుంబానిది. రంధ్రం లోపల మృతకణాలు ఉండకట్టి మూసుకుపోకుండా చూస్తుంది, అంటే మొటిమ పుట్టే చోటే ఆపుతుంది. పదే పదే మొటిమలు వచ్చే జిడ్డు చర్మానికి దీర్ఘకాలంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. దీన్ని డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి. గర్భంతో ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా వాడకూడదు. అలాంటప్పుడు అజెలాయిక్ యాసిడ్ లాంటి వేరే మందులున్నాయి, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.

అడాపలీన్ విషయంలో చేయి జారితే పశ్చాత్తాపపడాలి, అందుకే ఎలా రాయాలో చెబుతాను. ముఖం కడిగి, పూర్తిగా ఆరేదాకా ఇరవై నిమిషాలు ఆగండి. ముక్కు మడతల్లో, పెదవుల చివర్లో కాస్త పెట్రోలియం జెల్లీ అద్దితే మందు అక్కడికి పాకదు. ముఖం మొత్తానికీ కలిపి బఠాణీ గింజంత మందు. నుదుటి మీద ఒక చుక్క, బుగ్గల మీద చెరొకటి, గడ్డం మీద ఒకటి పెట్టి పల్చగా పరవాలి. మొటిమ ఉన్న చోట మాత్రమే అద్దేది కాదిది. కళ్ల చుట్టూ వద్దు. మీలా చర్మం తొందరగా మండేవాళ్లు ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద మందు రాసి, పైన మళ్లీ మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు. మొదట వారానికి రెండు రాత్రులు, తర్వాత ఒక రాత్రి విడిచి ఒక రాత్రి. మొదటి కొన్ని వారాలు మొటిమలు ఎక్కువైనట్టు అనిపించవచ్చు, పొరలు లేవచ్చు. మందు రాసిన రాత్రి సాలిసిలిక్ జోలికి వెళ్లకండి.

'ఎన్నాళ్లకి' అని అడిగారు కదా. ఈ రోజు పైకి కనిపించిన మొటిమ ఈ రోజు పుట్టింది కాదు, కొన్ని వారాల ముందే రంధ్రం లోపల మొదలై ఉంటుంది. ఈ రాత్రి రాసిన మందు వచ్చే నెల రావాల్సిన మొటిమ మీద పనిచేస్తుంది. కాబట్టి పది రోజుల్లో ఏ సీరం మీదా తీర్పు చెప్పలేం. ఏది మొదలుపెట్టినా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఇవ్వాలి, ఆ మధ్యలో రెండో కొత్తది చేర్చకూడదు. చేర్చితే మేలు దేని వల్ల జరిగిందో, మంట దేని వల్ల పుట్టిందో తెలియదు. మంటకి మాత్రం ఈ ఓపిక లెక్క వర్తించదు. రాసిన రెండు నిమిషాల తర్వాత కూడా మండుతుంటే ఆ రాత్రే కడిగేయండి.

నాలుగో దారి, ఇవేవీ మొదలుపెట్టకుండా నేరుగా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లడం. లోతుగా గడ్డల్లా వచ్చి నొప్పి పెడుతున్నా, తగ్గినచోట గుంటలు పడుతున్నా వెంటనే వెళ్లండి, ఎందుకంటే గుంటలు పడ్డాక పూడ్చడం కష్టం. నెలసరి క్రమం తప్పుతుంటే, గడ్డం మీద ముతక వెంట్రుకలు వస్తుంటే జిడ్డుకి కారణం హార్మోన్లలో ఉండొచ్చు, ఆ పరీక్షలు చేయించాలి. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో, దురద పెట్టే పొక్కులైతే అవి మొటిమలు కాక ఈస్ట్ అనే ఫంగస్ వల్ల వచ్చేవి కావచ్చు, వాటికి మందే వేరు. నాలుగు వారాలు అన్నీ ఆపినా నీళ్లు తగిలితే మంట పోకపోయినా చూపించాల్సిందే. ఎవరైనా 'రెండు రోజుల్లో తెల్లగా, నున్నగా అవుతుంది' అని ఇచ్చిన క్రీమ్ ఎప్పుడైనా వాడారా? మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. ట్యూబ్ మీద బెటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. మొదట మొటిమ అణిగినట్టే ఉండి తర్వాత ముఖాన్ని మరింత పాడుచేస్తుంది. ఆ ట్యూబ్‌ని డాక్టర్‌కి చూపించండి. వెళ్లేటప్పుడు మీ ఏడు సీసాల ఫొటో తీసుకెళ్లండి, సగం మాటలు ఆదా అవుతాయి.

పగటి సంగతి ఒక్క మాట. రాత్రి యాసిడ్ గానీ అడాపలీన్ గానీ వాడితే పొద్దున సన్‌స్క్రీన్ తప్పదు, ఎస్‌పీఎఫ్ 30 లేదా పైన, జెల్ రకం. లేకపోతే మొటిమ తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

ముక్కు మీద చుక్కలు అంటించి లాగే స్ట్రిప్‌తో తీస్తే నెలలోపే మళ్లీ వస్తున్నాయని రాశారు. అవి చాలావరకు బ్లాక్‌హెడ్స్ కాదు. జిడ్డు పైకి వచ్చే దారిలో సహజంగా ఉండేవే, బూడిదరంగు చుక్కల్లా కనిపిస్తాయి. అందరికీ ఉంటాయి, జిడ్డు చర్మానికి కాస్త ఎక్కువ కనిపిస్తాయి. లాగినా నిండుతాయి. సాలిసిలిక్‌తో కొంచెం తక్కువ కనిపిస్తాయి, అంతవరకే ఆశించండి.

పగలు మెరుపు ఇబ్బంది పెడితే కడగకుండా, జిడ్డు పీల్చే కాగితంతో నుదురు, ముక్కు మీద ఒత్తి తీసేయండి, రుద్దకండి. పది సెకన్ల పని. ఆ సహోద్యోగి మళ్లీ ఎప్పుడైనా ఆ మాటంటే 'నాది జిడ్డు చర్మం, పొద్దున కడుక్కునే వచ్చాను' అని మామూలుగా చెప్పేయొచ్చు. చెప్పాలనిపించకపోతే ఊరుకోవచ్చు. ఏది చేసినా వాష్‌రూమ్‌కి పరిగెత్తకండి, చాలు.

దిండు గలీబు రోజూ మార్చక్కర్లేదు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. తలకి నూనె రాసుకున్న రాత్రి జుట్టు నుదుటి మీద పడకుండా కట్టుకుని, దిండు మీద పాత గుడ్డ పరుచుకోండి. బెంజాయిల్ పెరాక్సైడ్ మొదలుపెట్టిన రాత్రుల్లో మాత్రం తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు వాడండి, రంగు బట్టకి తగిలితే అక్కడ రంగు పోయి మచ్చ పడుతుంది. మీరూ అక్కా ఒకే తువ్వాలు వాడుతుంటే ముందు దాన్ని వేరు చేసుకోండి.